పెరటాసిలో తిమింగలం కాలు

మా శరత్‌కుమార్ "కేసు ముగిసింది" అన్నప్పుడల్లా నాకు కొండంత ధైర్యం వస్తుంది. వాడు ముగించాడంటే అసలు దొంగ ఇంకా హాయిగా తిరుగుతున్నాడన్నమాట.

ఆ శనివారం మధ్యాహ్నం కోయంబత్తూరు పీలమేడులో ఒక కాలేజీ మ్యూజియం గదిలోకి నేను వెళ్ళేసరికి వాడు చేతికి రబ్బరు తొడుగు వేసుకుని, ఒక ఎముకని ట్యూబులైటు కింద ఎత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు. నడుముకి టార్చి, చెవిలో ఏదో వైరు. ఎదురుగా అటెండరు ఆరోగ్యసామి చేతులు కట్టుకుని ఉన్నాడు. గోడవార కుర్చీలో ఇందుజ కూర్చుని ఉంది. మ్యూజియం చూసుకునేది ఆ పిల్లే, నన్ను పిలిపించిందీ ఆ పిల్లే. రాత్రంతా ఏడ్చినట్టుంది, కళ్ళు వాచిపోయాయి.

"రా అత్తా, సరైన టైముకి వస్తివి," అన్నాడు శరత్. "కేసు ముగిసె. పోయింది దొరికె. ఈయన కుప్పతొట్టిలో దా ఉండె."

మా ఊరి తెలుగులో అరవం 'దా' పడకపోతే మాట నొక్కి చెప్పినట్టుండదు. వీడు నాకు మేనల్లుడి వరస. నేను జానకమ్మాళ్‌ని. ఇరవై ఏళ్ళుగా పెళ్ళి విచారణలు చేస్తున్నాను. పెళ్ళికొడుకు చెప్పిన ఆఫీసుకే పోతాడా, పోయి పని చేస్తాడా, సాయంత్రం తిన్నగా ఇంటికి వస్తాడా, ఇవన్నీ కనిపెట్టి ఆడపిల్లవాళ్ళకి చెప్పడం నా వృత్తి. శరత్ నా దగ్గర రెండేళ్ళు పని నేర్చుకుని, ఒక వెబ్‌సైటు పెట్టుకుని, నా పక్క వీధిలోనే డిటెక్టివ్ బోర్డు కట్టాడు. ఈ కేసులో కాలేజీ వాళ్ళు వాణ్ణి పెట్టుకున్నారు. ఇందుజ నన్ను పెట్టుకుంది.

పోయిన వస్తువు ఏమిటో చెబితే మీరు నవ్వుతారు. నేనూ నవ్వాను. తిమింగలం కాలి ఎముక. తిమింగలానికి కాలేమిటని మీకు అనిపిస్తే మీరూ నేనూ ఒకటే. ఒకప్పుడు ఉండేవట. నాలుగున్నర కోట్ల ఏళ్ళ కిందట గుజరాత్‌లో, కచ్ పక్క సముద్రపు ఒడ్డున, కాసేపు నేల మీద కాసేపు నీళ్ళలో కాపరం చేసి, చివరికి నేల మీద విసుగుపుట్టి నీళ్ళలోనే ఉండిపోయాయట. దానికి సాక్ష్యం రాయిగా మారిపోయిన ఎముకలు. కచ్‌లో తవ్విన ఒక ప్రొఫెసర్ అలాంటి చీలమండ ఎముక ఒకటి, ప్రదర్శన కోసమని ఇందుజని నమ్మి రెండు వారాలకి ఇచ్చాడు. ఈ సాయంత్రం విమానంలో వచ్చి తీసుకుపోతాడు. నిన్న సాయంత్రం ప్యాక్ చేద్దామని ఇందుజ అద్దాలపెట్టె తీసి ఎముకని ఎత్తితే, రాయిలా ఉండాల్సింది పుల్లలా పైకి లేచింది. ఎవరో నకలు పెట్టి అసలుని తీసుకుపోయారు.

కాలేజీ సెక్రటరీ గట్టిగా చెప్పేశాడు. ప్రొఫెసర్ దిగేలోపు ఎముక దొరక్కపోతే ఇందుజ మీద పోలీసు కంప్లైంటు. ఈ ఉద్యోగమూ పోతుంది, పరిశోధన సీటూ పోతుంది. దొంగ అన్న పేరు మాత్రం ఎక్కడికీ పోదు.

"అమ్మా, మీరైనా చెప్పండి," ఆరోగ్యసామి నా వైపు తిరిగాడు. "అది నా ఆట్టుకాల్ సూప్‌లోది, మేక కాలిది. నిన్న మధ్యాన్నానికి మా ఇంటామె కట్టిచ్చె. తింటిని, ఎముక కుప్పలో వేస్తిని. అంతే దా."

"పెరటాసిలో ఆట్టుకాల్ తింటివా?" శరత్ గద్దించాడు. "ఎవరికి చెవిలో పువ్వు పెడ్తావు?"

"మేము చర్చికి పోయేవాళ్ళం సార్. మాకేమిటికి పెరటాసి?"

ఆ సంగతి శరత్‌కి తట్టనే లేదు. వాడి తప్పు కాదు. పెరటాసి తమిళ నెల, పెరుమాళ్ళది. ఆ నెలంతా మా నాయుళ్ళ ఇళ్ళలోకి కోడిగుడ్డు కూడా రాదు. ఊరంతా అలాగే ఉంటుందని మావాళ్ళ నమ్మకం.

ఇందుజ లేచి వచ్చి వాడి చేతిలోని ఎముకని చూసింది. "సార్, ఇది మేక వెనక కాలిది. ఈ కొసన చూడండి, గిలక మాదిరి ఉంది గదా? ఆ కొసనా ఉంది. మేక, ఆవు, పంది, జింక, ఇట్ల జత గిట్టలు ఉండేవాటికి దా రెండు కొసలా గిలక ఉంటుంది. కుక్కకి, గుర్రానికి ఒక కొసనే. మా తిమింగలం ఎముకకీ రెండు కొసలా ఉంది. అందుకే దా అది మేకకీ ఆవుకీ చుట్టం అని తెలిసె."

"అంటే రెండూ ఒకే మాదిరి ఉంటాయా?"

"ఆమా సార్," అని తల ఊపింది.

"అప్పుడు ఇదే అది!"

"సైజు చిన్నది సార్. అది ఇంకా పెద్దగా ఉంటుంది."

"ఉడకబెట్టితే కుదించుకొని ఉంటాది," అన్నాడు శరత్, కొంచెం కూడా తడుముకోకుండా.

నాకు ఒళ్ళు మండింది. "ఒరే, దాన్ని ముక్కు దగ్గర పెట్టుకో."

పెట్టుకున్నాడు.

"ఏం వాసన?"

"మిరియాలు," అన్నాడు నెమ్మదిగా.

"నాలుగున్నర కోట్ల ఏళ్ళ కిందట ఆ తిమింగలాన్ని మిరియాల రసంలో ఎవరు వేసిరి?"

ఆరోగ్యసామికి నవ్వొచ్చింది కానీ దాన్ని దగ్గుగా మార్చేశాడు. ఇందుజ అంత ఏడుపులోనూ నా వైపు చూసి, "తిమింగలం మేకకి చుట్టం అని రెండు వారాలు గొంతు పోయేదాకా చెప్పితిని అమ్మా, ఎవరూ నమ్మలే. ఈ సార్ ఒక్కరే నమ్మినారు," అంది. శరత్ రబ్బరు తొడుగు ఊడదీసి జేబులో కుక్కుకున్నాడు. ఎముకని ఎక్కడ పెట్టాలో తెలియక మళ్ళీ ఆరోగ్యసామికే ఇచ్చాడు.

నేను అద్దాలపెట్టె దగ్గరికి పోయాను. తాళం మీద గీత కూడా లేదు. లోపల ఫోమ్ పరుపు. ఇందుజ ఎముకని దాని మీద పెట్టి చుట్టూ గీసి, అచ్చం దాని ఆకారానికే గుంట కోసిందట. అసలు ఎముక ఆ గుంటలో సరిగ్గా దిగి కూర్చునేదట. నకలు మాత్రం గుంట అంచుల మీద ఎక్కి కూర్చుని ఉంది. వేలితో నొక్కాను. దిగలేదు.

"ఇది ముందు నుంచీ ఇట్ల దా పైకి ఉండెనా?"

"లేదమ్మా. ఫోమ్ ఉబ్బిందేమో అనుకొంటిని."

"కొలువు."

ఆ పిల్ల డ్రాయరులోంచి వెర్నియర్ తీసి నకలు పొడవు చూసింది, వెడల్పు చూసింది, మందం చూసింది. అసలు కొలతలు ఆమెకి నోటికి వచ్చు. మూడు పక్కలా ఒక పిసరు ఎక్కువ ఉంది. పిసరే గానీ, మూడు పక్కలా ఒకే పాళ్ళలో ఎక్కువ.

"చేసేవాడికి చేయి కొంచెం జారింది. దీనికేమిటికి ఇంత?" అన్నాడు శరత్ నా భుజం మీదుగా తొంగి చూస్తూ.

"చేయి జారితే ఒక పక్క జారుతుంది. మూడు పక్కలా ఒకే లెక్కన జారుతుందా?"

నకలుని చేతిలోకి తీసుకున్నాను. టేకు చెక్క. పైన గోధుమరంగు, దాని మీద లక్క పూత. ఆ లక్క వాసన ముక్కుకి తగలగానే నా వయసు యాభై ఏళ్ళు తగ్గిపోయింది. నడుమ చుట్టూ వెంట్రుక లాంటి గీత ఒకటి కనిపించింది. రెండు చేతులతో పట్టుకుని కొంచెం కదిపి లాగాను. టక్కున రెండుగా విడిపోయింది.

ఇందుజ కెవ్వుమంది. శరత్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఏమీ విరగలే. చూడండి." లోపలి ముఖాలు నున్నగా ఉన్నాయి. ఒక సగానికి రెండు చిన్న మొలలు, రెండో సగానికి వాటికి సరిపడే రెండు చిల్లులు. "ఇది నకలు కాదు. ప్యాటర్న్."

నేను పుట్టిందే ప్యాటర్న్ షాపులో అనుకోండి. మా నాయనకి ఫౌండ్రీ ఉండేది, పంపులు పోసేవాడు. ఇసుకలో అచ్చు వేయాలంటే ముందు చెక్కతో ప్యాటర్న్ చెక్కాలి. ఇసుకలోంచి సులువుగా తీయడానికి దాన్ని రెండు సగాలుగా చేస్తారు. కరిగిన లోహం చల్లారాక కుదించుకుంటుంది కాబట్టి ప్యాటర్న్‌ని ఆ మేరకు పెద్దగా చేస్తారు. దానికి వేరే స్కేలు ఉంటుంది, కాంట్రాక్షన్ స్కేలు అంటారు. చూడడానికి మామూలు స్కేలే గానీ దాని మీద ప్రతి సెంటీమీటరూ కొంచెం బలిసి ఉంటుంది. మా నాయన చేతిలో వేరే స్కేలు నేను చూడలేదు. ఇంటి కిటికీ తలుపులు కూడా దానితోనే కొలిచి చేయించాడు. ఈనాటికీ ఒక్కటీ మూసుకోదు.

"దొంగ అయితే అసలెంత ఉంటే అంతే చేస్తాడు," అన్నాను. "పెద్దగా చేసి, రెండు సగాలు చేసి, మొలలు కూడా పెట్టేది ఎవరు? లోహంలో పోయాలనుకొనేవాడు. వాడికి నకలు చేయాలని తోచనే లేదు. అలవాటు కొద్దీ చేసేసినాడు."

"పీలమేడులో ప్యాటర్న్ చేసేవాళ్ళు వీధికి పదిమంది ఉండారు అత్తా. అందరినీ పట్టుకొస్తావా?"

"ఇప్పుడు అందరూ కంప్యూటరులో గీసి మిషను మీద కోస్తా ఉండారు. ఇంకా టేకుని ఉలితో చెక్కి, లక్క తానే కాచి పూసేవాడు ఒక్కడే దా ఉండాడు." ఆరోగ్యసామి వైపు తిరిగాను. "సుందరరాజన్ అణ్ణ ఎప్పుడు వచ్చిపోయె?"

ఆరోగ్యసామి కళ్ళు పెద్దవి చేశాడు. "గురువారం అమ్మా. మధ్యాన్నం, ఇందుజమ్మ తినేదానికి పోయినప్పుడు. నన్ను కాఫీకి పంపిరి. తెచ్చేలోపు పోయినారు."

"మరి ఎవరైనా వచ్చిరా అని నిన్నటి నుంచి అడుగుతా ఉంటే ఎవరూ రాలేదంటివే!" శరత్ అరిచాడు.

"ఆయన కమిటీ అయ్యా గదా సార్. ఆయన వచ్చేది వచ్చినట్టా? ఇల్లు ఆయనది."

శరత్ ముఖం ఎర్రబడింది. ఇప్పుడు కోపం నా మీదికి మళ్ళింది. "అత్తా, జాగ్రత్త. సుందరరాజన్ మామ కాలేజీ కమిటీలో పెద్ద. నన్ను ఈ కేసులో పెట్టిందే ఆయన. ఆయన్ని దొంగ అంటావా? మన చుట్టాలలో తల ఎత్తుకొని తిరగవద్దా?"

"తాళం పగలలేదు. తాళంచెవులు ఎన్నిరా?"

"రెండు."

"ఒకటి ఈ పిల్ల దగ్గర. రెండోది?"

"కమిటీ బీరువాలో."

"రెండో చెవి గురించి ఎవరిని అడిగితివి?"

వాడు నడుము టార్చి సరిచేసుకున్నాడు.

"పెద్దవాళ్ళని ఎట్ల అడిగేది, అంతే గదా? ఈ పిల్లని మాత్రం రాత్రి తొమ్మిది దాకా కూర్చోబెట్టి అడిగితివి. సంచి కుమ్మరించితివి. ఆరోగ్యసామి సాపాటు డబ్బా కూడా విడవలే. వీళ్ళని అడిగేదానికి నీకు నోరు వచ్చె. మనవాళ్ళ దగ్గరికి పోతే దా నాలుక మడతపడె." నా గొంతు లేచిపోయిందని నాకే తెలుస్తోంది. తగ్గించుకోవాలనిపించలేదు. పని నేర్పినప్పుడు వాడికి నేను మొదటి రోజు చెప్పింది ఇదే: అడగడానికి మొహమాటపడేవాడు ఈ పనికి పనికిరాడు.

"రుజువు చేయలేకపోతే సెక్రటరీతో నేనే చెప్తాను, నీ బోర్డు పీకేయమని," అన్నాడు శరత్.

"చెప్పు. ముందు కారు తీయి."

సుందరరాజన్ ఇల్లు మూడు వీధుల అవతలే. మహాలయ అమావాస్య కూడా ఆ రోజే పడింది. మేము పోయేసరికి కాకికి పిండం పెట్టి, భోజనాలు అయిపోయి, ఆయన ఇంటి వెనక షెడ్డులో ఉన్నాడు. డెబ్బై దాటిన మనిషి. ముక్కు మీద కళ్ళజోడు, చెవి మీద పెన్సిలు, బల్ల మీద వరసగా ఉలులు. నన్ను చూసి, "రా చెల్లెలా," అని నవ్వాడు. నా వెనక ఇందుజని చూడగానే ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.

నేను కూర్చోలేదు. సంచిలోంచి చెక్క ఎముక సగాన్ని తీసి బల్ల మీద పెట్టాను.

"అణ్ణా, నీకు దా ఈ పని తెలుసు. అందుకే తెస్తిని. ఎవడో చేతకానివాడు చేసినాడు. గిలక అంచు చూడు, ఎట్ల మొద్దుగా ఉందో. పని నేర్చుకొనేవాడు ఎవడో అయి ఉండాలి."

"ఎవడు చేతకానివాడు?" ముసలాయన కళ్ళజోడు తీసేశాడు. "ఫోటో చూసి చెక్కితే అంచు అంతే వస్తాది! అసలుది పక్కన పెట్టుకొని చెక్కింటే..."

అక్కడ ఆగాడు.

"చెక్కింటే?" అన్నాను.

సుందరరాజన్ స్టూలు మీద కూలబడ్డాడు. "ప్రొఫెసర్ అంత దూరం నుంచి వస్తా ఉండాడు చెల్లెలా. ఉత్తి పొన్నాడ శాలువ కప్పి పంపేదా? ఆ ఎముకనే ఇత్తడిలో పోసి, చెక్క పీట మీద పెట్టి ఇద్దుం అనుకొంటిని. బోర్డు మీద ఫోటో, కొలతలూ ఉండె, దాన్ని చూసి ఒక ప్యాటర్న్ చేస్తిని. నాకే తృప్తి లే. అసలుది రెండు రోజులు దగ్గర ఉంటే ఇంకొకటి బాగా వస్తాది అని, ఇది ఆడ పెట్టి అది తెస్తిని."

"ఒక మాట ఇందుజని అడగవద్దా?"

"అడిగితే ఇస్తదా? నేను ఒకసారి ఊరికే తాకబోతే చేతికి తొడుగు వేసుకోండి అయ్యా అనె. ఈ చేతులకి తొడుగా!" రెండు చేతులూ చాపి చూపించాడు. "ఈ పొద్దున చుమ్మా ఎవరికీ తెలియకుండా తీసుకపోయి పెట్టేద్దుం అనుకొంటిని. అంతలో దొంగతనం, పోలీసు అని సెక్రటరీ అరవబట్టె. నాకు భయం పుట్టె. కొంచెం గడువు దొరకాలని డిటెక్టివ్‌ని పెడదుం అంటిని."

"నన్ను," అన్నాడు శరత్, కాస్త ఛాతీ విరుచుకుని.

"ఆమా. నువ్వైతే కనిపెట్టలేవని దా."

శరత్ చెవిలోంచి వైరు తీసి జేబులో పెట్టుకున్నాడు. నాకు వాడి మీద జాలేసిన సందర్భాలు తక్కువ. ఇది ఒకటి.

ఇందుజ అంతవరకూ గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. ఇప్పుడు ముందుకి వచ్చింది. గొంతు పెంచలేదు. "నన్ను పోలీసుకి ఇస్తామని సెక్రటరీ సార్ అన్నప్పుడు మీరు ఆ రూములో దా కూర్చొని ఉంటిరి అయ్యా. కాఫీ తాగుతా ఉంటిరి."

ఆ ముసలాయన తల ఎత్తలేదు. "తప్పు, అమ్మా," అన్నాడు. "నా కూతురిని అట్ల ఎవరైనా అనింటే విడిచిపెట్టి ఉండను. నీకు జరిగేది చూస్తా కూర్చొంటిని. నేనే సెక్రటరీకి ఫోన్ చేసి చెప్తాను. ముందు నీ వస్తువు నీకు ఇచ్చేస్తాను, ఉండు."

లేచి ఇంట్లోకి పోయాడు. ఇందుజ నా చేయి పట్టుకుంది. "దొరికె గదా అమ్మా? ఇంక దొరికినట్టే గదా?" అంది. దొరికినట్టే అన్నాను. ప్రొఫెసర్ దిగడానికి ఇంకా చాలా టైముంది. నేను శరత్ వైపు ఎంత గర్వంగా చూశానంటే, వాడు గోడ మీద క్యాలెండరు చదవడం మొదలుపెట్టాడు.

సుందరరాజన్ తిరిగి వచ్చాడు. చేతులు ఖాళీ.

"బీరువాలో వేష్టుల కింద పెట్టింటిని. న్యూస్ పేపరులో చుట్టి. లే."

అప్పుడే ఆయన వెనకాల చెన్నమ్మాళ్ వదిన వచ్చి నిలబడింది. ఆయన భార్య. చేతిలో గరిటె. నన్ను చూసి, "వస్తివా జానకీ? మంచి వేళకి వస్తివి. నీ అణ్ణ చేసిన పని నువ్వే విను," అంది. ఆయన వైపు మాత్రం చూడలేదు.

"ఆ పొట్లం ఏమాయె వదినా?"

"ఏ పొట్లం? ఎముక పొట్లమా?" వదిన గరిటె ఎత్తింది. "యాభై ఏళ్ళు కాపరం చేస్తిని. ఈయన తాగలే, పేకాట ఆడలే. సరే, పెరుమాళ్ళు మంచి మనిషినే ఇచ్చె అనుకొంటిని. గురువారం రాత్రి వేష్టులు మడచి పెడదామని బీరువా తెరిస్తే ఆట్టుకాల్ ఎముక! పెరటాసిలో! తినింది చాలక దాన్ని దాచిపెట్టుకొంటాడా ఎవరైనా?"

"అది మేకది కాదే!" సుందరరాజన్ తలపట్టుకున్నాడు.

"నాకు చెప్పొద్దు. నేను కడిగినన్ని ఆట్టుకాళ్ళు ఈ ఊరిలో ఎవరు కడిగినారు? రెండు కొసలా గిలక ఉండె. మేకది కాక ఏమిది?"

"సరిగ్గా దా చెప్పిరి అవ్వా," అంది ఇందుజ. నోటి నుంచి వచ్చేశాక నాలుక కరుచుకుంది.

"అంత బరువుగా ఉంటే అనుమానం రాలేదా వదినా?" అన్నాను.

"పాపం బరువుగా దా ఉంటాది అనుకొంటిని."

రెండు రోజులుగా ఆయనకి ఉత్త చారు మెతుకులే ఎందుకు పడుతున్నాయో ఆయనకి ఇప్పుడు అర్థమైంది. నాకు కావలసింది అది కాదు. "ఇప్పుడు అది ఎక్కడ వదినా? కుప్పలో వేస్తివా? కుక్కకి వేస్తివా?"

"కుక్కకా? ఇంటికి పట్టిన దోషాన్ని కుక్కకి వేసేదా?" వదిన గరిటె దించింది. "నా తమ్ముడు దొరసామి అమావాస్యకి తర్పణం విడిచేదానికి నిన్న రాత్రి వేన్‌లో రామేశ్వరం పోయె. పసుపు గుడ్డలో కట్టి వాడికి ఇస్తిని. విప్పి చూడొద్దు, మెడ లోతు నీళ్ళ దాకా పోయి సముద్రంలో విడిచిపెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా మునిగి రా అంటిని. దానితో దోషం తీరుతుంది గదా."

ఇందుజ నేల మీదే కూర్చుండిపోయింది. ఆ జాతి నేల వదిలి నీళ్ళలోకి పోవడానికి లక్షల ఏళ్ళు పట్టిందని ఆ పిల్లే నాకు చెప్పింది. మా చెన్నమ్మాళ్ వదిన ఒక్క వేన్‌లో పంపించేసింది.

"పోదుం అత్తా, నా కారు ఉంది," అన్నాడు శరత్. పాపం, నిజంగానే తాళంచెవి తీశాడు.

"మదురై దాటి ఇంకా అంత దూరం పోవాలిరా. నీ కారు చేరేలోపు రాత్రి అవుతుంది. వదినా, ఫోన్ చేయి. మీ తమ్ముడికి, ఇప్పుడే."

వదినకి ఏమీ అర్థం కాలేదు గానీ మా ముఖాలు చూసి మారు మాట్లాడలేదు. కొంగు ముడిలోంచి ఫోను తీసింది. నేను స్పీకరు నొక్కాను. చాలాసేపు మోగింది. ఎత్తింది దొరసామి కూతురు రంజని. వెనకాల జనం గోల, మంత్రాలు, అలలు.

"ఏమి అత్తా? ఈడ రొంబ గుంపు. తర్పణం ఇప్పుడు దా ముగిసె."

"మీ నాయన ఎక్కడ?" అని నేనే అరిచాను.

"నాయనా? నీళ్ళలోకి పోతా ఉండాడు. అత్త ఇచ్చిన పసుపు గుడ్డ తల మీద పెట్టుకొని పోతా ఉండాడు. ఈ సముద్రం లోతే లే, ఎంతసేపు నడిచినా మోకాలు దాటలే. ఇప్పుడు దా నడుము దాకా వచ్చె."

"పిలువు! ఆపమను! అది విడవొద్దని చెప్పు!"

"నాయనా!" రంజని అరిచిన అరుపుకి మా ఫోను గరగరలాడింది. రెండుసార్లు, మూడుసార్లు అరిచింది. తర్వాత మామూలు గొంతుతో, "వినపడదు. చెవి మిషను తడుస్తాదని తీసి నా చేతిలో దా ఇచ్చి పోయె," అంది.

ఇందుజ లేచింది. నా చేతిలోంచి ఫోను లాక్కుంది.

"అక్కా, నేను కోయంబత్తూరు నుంచి మాట్లాడతా ఉన్నాను. నా పేరు ఇందుజ. ఆ గుడ్డలో ఉండేది నా బతుకు అక్కా. మీకు ఈత వచ్చునా?"

"రాదమ్మా," అంది రంజని. "అయ్యయ్యో, నాయనకి మెడ దాకా నీళ్ళు వచ్చేసె."